ఇంగ్లీషు సాహిత్యానికి అప్లికేషన్ వేసే బిడ్డకు మన సంఘం ఏంటికి సాయం చేయదు?

కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం. ఓపిగ్గా చదవండి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో చదువు సాయం నిబంధన మళ్లీ చర్చకు వస్తుంది. ఇప్పటిదాకా ఇంజనీరింగు, వైద్యం, సీఏ, కంప్యూటర్ చదువులకే సాయం ఇస్తున్నాం. ఈసారి దాన్ని ఇంకా బిగించి 'ఉద్యోగం రాని చదువులకు సాయం లేదు' అని తీర్మానం చేయాలని కొందరు పెద్దలు పట్టుబడుతున్నారు. ఇప్పుడే ఏంటికి ఈ పట్టు? మన పిల్లల్లో ఇద్దరు ముగ్గురు ఇంగ్లీషు సాహిత్యంలో ఎంఏకి, విదేశాల్లో క్రియేటివ్ రైటింగ్ కోర్సుకి అప్లికేషన్ వేస్తాం, ఫీజుకు సాయం చేయండి అని అడిగినారు. దానికి గ్రూపులో వచ్చిన జవాబులు అందరం చూసినాం. 'కథలు రాసేదానికి కాలేజీ ఏంటికి?' అన్నారు. 'ఇంగ్లీషు వస్తుంది కదా, మళ్లా దాంట్లో ఎంఏ ఏంటికి?' అన్నారు. 'పెళ్లయ్యేదాకా పొద్దుపోవాల కదా' అని కూడా అన్నారు. ఆ చివరి మాట ఒక ఆడబిడ్డను ఉద్దేశించింది. ఆ బిడ్డ అది చదివింది కూడా.

ఈ మాటలు మేము ఒప్పుకోం. మేమంటే తమిళ మీడియంలో చదివి, రైల్వేలోనో బ్యాంకులోనో గుమాస్తాగిరీ చేసి, రిటైరైన తర్వాత సంఘం పనిలో పడ్డవాళ్లం. ఒక్కో మాటకు జవాబు చెప్తాం.

మొదట ఉద్యోగం సంగతి. మీ పిల్లలు చేరిన ఇంజనీరింగు కాలేజీలోనే చూడండి, ఇంగ్లీషు డిపార్టుమెంటు ఉంటుంది. మొదటి ఏడాది ఇంజనీరింగు పిల్లలందరూ ఇంగ్లీషు పేపరు రాయాల్సిందే. ఆ పాఠం చెప్పేది ఎంఏ ఇంగ్లీషు చదివినవాళ్లే కదా? ఎంఏతోపాటు బీఎడ్ ఉంటే సర్కారు హయ్యర్ సెకండరీ స్కూళ్లలో టీచరు పరీక్ష రాయొచ్చు. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే పరిశోధన చేసేటప్పుడు నెలకు 37,000 రూపాయలు వస్తాయి. మన సర్కారు కాలేజీల్లో ఎంఏ ఫీజు ఎంతో విచారించి చూడండి. ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో ఒక సెమిస్టరుకు కట్టేదాంట్లో చాలా కొంచెమే. లక్షలు పోసి ఇంజనీరింగు చదివి బ్యాంకు పరీక్షలు రాస్తున్న పిల్లలు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. వాళ్లకు సాయం చేసినప్పుడు ఉద్యోగం వస్తుందా అని ఎవరూ అడగలేదు.

రెండో మాట, 'ఇంగ్లీషు వస్తుంది కదా'. మనకు వచ్చిన ఇంగ్లీషు ఏది? ముప్పై ఏళ్లు ఫైళ్లలో మేము రాసిన ఇంగ్లీషు, పాత ఉత్తరం చూసి కొత్త ఉత్తరం రాసే ఇంగ్లీషు. నంబరు, తేదీ మారుస్తే సరిపోయేది. సాహిత్యం చదువు అది కాదు. ఒక పేజీ తీసుకుని దాంట్లో మాట్లాడేది ఎవరు, మాట్లాడనివాళ్లు ఎవరు, ఈ మాట ఇక్కడ ఏంటికి పడింది అని విచారించే చదువు అది. ఆ విచారణ తెలిసిన మనిషి మన సంఘంలో ఒక్కరున్నా మన మినిట్సు పుస్తకం ఇంకో రకంగా ఉండేది.

మూడో మాట పెద్దది. 'సాహిత్యం చదవాలంటే తెలుగులో చదవొచ్చు కదా, ఇంగ్లీషు ఏంటికి? ఇది మాతృభాషకు ద్రోహం' అన్నారు. ద్రోహం అన్నవాళ్ల పిల్లలు తెలుగు చదవలేరు, రాయలేరు. అది వాళ్ల తప్పని మేము అనం. 2006 తమిళ అభ్యాస చట్టం వచ్చినాక స్కూల్లో తమిళం తప్పనిసరి అయింది, తెలుగు వెనక్కి పోయింది. అంతకు ముందు మాత్రం ఎంతమందికి దొరికింది? మేమే ఉద్యోగంలో చేరినాక అక్షరాలు దిద్దుకున్నాం. అట్లాంటి ఇంట్లో పుట్టిన బిడ్డ తెలుగు ఎంఏకి ఎట్లా పోతుంది? ఆ బిడ్డకు రాసే చేయి తమిళంలో ఉంటుంది, లేదా ఇంగ్లీషులో ఉంటుంది. నోరు, చెవి మాత్రం తెలుగువి.

కీ. రాజనారాయణన్ గారిని గుర్తు చేసుకోండి. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్ ఊరు. ఇంటి భాష తెలుగు, రాసింది తమిళం. మనవాళ్లు దక్షిణానికి వలస వచ్చి నల్లరేగడిలో ఊరు కట్టుకున్న కథను 'గోపల్ల గ్రామం'లో చెప్పినారు. దాని తర్వాతి నవల 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మన పూర్వీకుల కథను తమిళంలో రాసినాడని ఆయన్ను ద్రోహి అంటామా? సంఘం మీటింగుల్లో మనవాడు అని చెప్పుకుంటున్నాం. తమిళంలో రాస్తే మనవాడు, ఇంగ్లీషులో రాయబోయే బిడ్డ మాత్రం ద్రోహి. ఇదేం న్యాయం?

ఇంకొకరి సంగతి. ఏ.కె. రామానుజన్ గారు మైసూరులో తమిళ ఇంట్లో పుట్టినారు. మైసూరులోనే ఇంగ్లీషు సాహిత్యంలో ఎంఏ చేసి, ఏళ్ల తరబడి కాలేజీల్లో ఇంగ్లీషు పాఠం చెప్పి, తర్వాత అమెరికాకు పోయి షికాగోలో ప్రొఫెసరయినారు. ఆయన ఇంగ్లీషులోకి తెచ్చింది ఏది? తమిళ సంగం పద్యాలు, కన్నడ వచనాలు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్లతో కలిసి క్షేత్రయ్య పదాలు కూడా ఇంగ్లీషు చేసినారు. తంజావూరు నాయక రాజుల కాలపు ఆ తెలుగు పదాలు లోకానికి తెలిసేదానికి ఒక ఇంగ్లీషు ఎంఏ పనికొచ్చింది.

'కీ.రా. ఏ కోర్సు చదివి రాసినాడు?' అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆయన బడి చదువు ఏడో తరగతి దాటలేదని అంటారు. కోర్సు ఎవర్నీ రచయితను చేయదు. రెండేళ్లు తీరిక ఇస్తుంది, రాసింది చదివి ఇక్కడ బాలేదు అని ముఖాన చెప్పే మనుషుల్ని ఇస్తుంది. మన ఇళ్లలో ఆడపిల్లకు ఆ రెండూ ఎక్కడ దొరుకుతాయి? ఇంకో మాట. ఆ ఏడో తరగతి మనిషిని పుదుచ్చేరి యూనివర్సిటీ పిలిచి ప్రొఫెసరు కుర్చీలో కూర్చోబెట్టింది. దాని విలువ వాళ్లకు తెలిసింది. మనకే తెలియడం లేదు.

ఇప్పుడు అప్లికేషన్ సంగతి. ఇది తెలియకుండానే చాలామంది మాట్లాడుతున్నారు. మన దేశంలో ఎంఏకి చాలా కేంద్ర విశ్వవిద్యాలయాల్లో సీయూఈటీ పీజీ పరీక్ష రాయాలి. మన ఊరి కాలేజీల్లో డిగ్రీ మార్కులు చూస్తారు. అమెరికాలో ఎంఎఫ్ఏ అనే క్రియేటివ్ రైటింగ్ కోర్సుకు మార్కులు ముఖ్యం కాదు. ఆ బిడ్డ సొంతంగా రాసిన కథ ఇరవై ముప్పై పేజీలో, పది పేజీల కవితలో పంపాలి. దాంతో ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం, ముగ్గురు టీచర్ల సిఫారసు ఉత్తరాలు. గడువు ఎక్కువగా డిసెంబరు, జనవరిలో. ఒక్కో అప్లికేషన్‌కు 50 నుంచి 100 డాలర్ల దాకా ఫీజు. పేరున్న చోట వందమందిలో అయిదుగురికి కూడా సీటు దొరకదు కాబట్టి ఏడెనిమిది చోట్లకు వేయాలి. ఎనిమిదికి వందేసి డాలర్లు అంటే 60,000 రూపాయలు దాటుతుంది. మన పిల్లలు ఆగిపోయేది ఇక్కడే.

ఇక్కడే కన్సల్టెన్సీవాళ్లు దూరుతారు. ఆ వ్యాసం మేమే రాసిస్తాం అంటారు. అట్లా రాసిచ్చినవి రెండు మూడు మేము చదివినాం. చిన్నప్పటినుంచి పుస్తకాలంటే ప్రాణం, షేక్స్పియర్ అంటే భక్తి. అన్నీ ఒకే అచ్చు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, క్లాసులో ఇంగ్లీషు అన్న సంగతి ఒక్కదాంట్లోనూ లేదు. చెప్తే చిన్నతనమట. కూడు తింటివా అని మన అవ్వ అడిగే మాటలో 'కూడు'ను ఇంగ్లీషులో ఏమని రాయాలి? అన్నం అంటే చాలదు, భోజనం అంటే అది అవ్వ మాట కాదు. ఆంధ్ర నుంచి వచ్చిన చుట్టాలు ఆ మాటకు నవ్వుతారు. ఆ చిక్కుముడి దగ్గరే నిలబడి రాయగలిగిన బిడ్డ చేతిలో మిగతావాళ్ల దగ్గర లేని సరుకు ఉంది. అమెరికాలో అయోవా యూనివర్సిటీలో సాహిత్య అనువాదానికే ఒక ఎంఎఫ్ఏ ఉంది. మూడు భాషలు నోట్లో ఉన్న బిడ్డకు అట్లాంటి తలుపు ఉందని చెప్పేవాళ్లు లేరు.

ఒక హెచ్చరిక మేమూ చేస్తాం. ఇల్లు కుదువపెట్టి, అప్పు తెచ్చి విదేశంలో క్రియేటివ్ రైటింగ్ చదవమని మేము అనం. ఇంగ్లండులో ఒక ఏడాది కోర్సులు ఎక్కువగా సొంత డబ్బు కట్టి చదివేవి. స్కాలర్‌షిప్ లేకపోతే అటు పోవద్దు. అమెరికాలో కొన్ని యూనివర్సిటీలు ఫీజు మాఫీ చేసి, క్లాసులు చెప్పించుకుని నెలనెలా డబ్బు ఇస్తాయి. అట్లాంటి వాటికే వేయాలి. ఫీజు మాఫీతో సీటు ఇచ్చినచోట ఏప్రిల్ 15కు ముందే జవాబు చెప్పమని తొందరపెట్టకూడదని చాలా యూనివర్సిటీలు ఒప్పుకున్నాయి. అప్పటిదాకా అన్ని జవాబులూ చూసి నిర్ణయం తీసుకోవచ్చు. కొన్నిచోట్ల అడిగితే అప్లికేషన్ ఫీజు కూడా వదిలేస్తారు. అడగాలని పిల్లలకు తెలియాలి.

కాబట్టి సమావేశంలో మేము పెట్టబోయే సవరణలు మూడు.

ఒకటి. 'ఉద్యోగం రాని చదువులు' అన్న మాట తీసేయాలి. ఏ చదువుకు ఉద్యోగం వస్తుందో తేల్చే శక్తి మన కమిటీకి లేదు.

రెండు. సాహిత్యం, అనువాదం, రచన కోర్సులకు అప్లికేషన్ ఫీజులో సగం, ఏడాదికి ఇద్దరు పిల్లలకు సంఘం ఇవ్వాలి. పై లెక్కన ఒక బిడ్డకు ముప్పై వేలు దాటుతుంది. పోయిన వార్షికోత్సవంలో శాలువాలకు, పూలదండలకు అయిన ఖర్చు కోశాధికారి గారు చదివి వినిపిస్తే, ఇది పెద్ద మొత్తమా కాదా మీరే చెప్పండి.

మూడు. మన సభ్యుల్లో రిటైరైన టీచర్లు, కాలేజీ లెక్చరర్లు ఉన్నారు. జూన్ నుంచే పిల్లలు రాసింది చదివి, మొహమాటం లేకుండా తప్పు చెప్పేదానికి నలుగురు ముందుకు రావాలి. రాసివ్వడం వద్దు. చదివితే చాలు.

ఒప్పుకోనివారు గ్రూపులో బొమ్మలు పెట్టి నవ్వొద్దు. సమావేశానికి వచ్చి ఎదురుగా మాట్లాడండి, మేము జవాబు చెప్తాం. అడిగిన పిల్లల్ని కూడా పిలిచినాం. వాళ్లు రాసిన దాంట్లో ఒక్కో పేజీ చదువుతారు. అది విన్న తర్వాతే ఓటు వేయండి.