ప్లగ్గు చూసి తిట్టకండి

మొన్న సెలవులకి ధరణికోట వెళ్ళాను. మా మేనల్లుడు ఎలక్ట్రిక్ గిటార్ మీద స్కాటీ మూర్ వరసలు సాధన చేస్తున్నాడు. 1954లో మెంఫిస్‌లో ఎల్విస్ గొంతు పక్కన రాకబిలీకి నడక నేర్పిన గిటార్ అది. పక్కింటి పెద్దాయన విని, "ఇది మన వాద్యం కాదురా అబ్బాయ్" అనేశారు. పెద్దాయన కదా అని అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

వయొలిన్ మాత్రం ఎక్కడిది? యూరప్ నుంచి వచ్చిందే. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో దాన్ని పరాయిదని ఎవరైనా అంటారా?

పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌నే చూడండి. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే పిల్లాడు తీగల మీద వెతుక్కున్నాడు. మామూలు మాండొలిన్‌లో స్వరం ఇట్టే ఆరిపోతుంది, గమకం నిలవదు. అందుకే ఎనిమిది తీగలదాన్ని వదిలి, ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు. అంటే, త్యాగరాజ కృతిని కరెంటుతోనే పలికించాడు! గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ 'రిమెంబర్ శక్తి'లో ఆయనతో కలిసి వాయించాడు. మనమేమో 'బాలమేధావి' అని చప్పట్లు కొట్టాం, 2014లో నలభై ఐదేళ్ళకే పోతే కన్నీళ్ళు పెట్టాం. ఆయన తెరిచిన తలుపు మాత్రం మళ్ళీ మూసేస్తున్నాం.

1960లలో మా ఊళ్ళో తవ్వితే పాతకాలపు కాలువా, ఓడరేవూ బయటపడ్డాయి. రేవున్న ఊళ్ళో కూర్చుని పరాయిదంటే ఎలాగండీ?

మావాడు అపస్వరం వాయిస్తే తిట్టండి. ప్లగ్గు చూసి తిట్టకండి.