కమిషన్ మీ జేబులోంచి పోతుంది, మరి ఏజెంటు ఎవరి మనిషి?

చేవెళ్ల, మహేశ్వరం, ఇబ్రహీంపట్నం వైపు నుంచి పాలకూర, కొత్తిమీర, పుదీన కట్టలు కట్టుకొని అర్ధరాత్రి దాటాక ఆటో ట్రాలీ ఎక్కే రైతులకు ఈ నాలుగు మాటలు. పాతబస్తీలో మీర్ ఆలం మండీకి పోయేవారైనా, మాదన్నపేటకు పోయేవారైనా, ఉల్లిగడ్డ, ఎండుమిర్చి బస్తాలు మలక్‌పేట గంజికి తోలేవారైనా తెల్లవారేసరికి మీ మాలు ఒకాయన ముందు దించుతారు. ఆయన్ని మీరు సేటు అంటారు, కొందరు సావుకారి అంటారు. ఆయన కూడా మీకేదో మేలు చేస్తున్నట్టే మాట్లాడతాడు. అమ్మకం అయ్యాక ఒక చీటీ ముక్క చేతిలో పెడతాడు. కమిషన్, హమాలీ, కాటా కూలి పోను మీకు వచ్చేది ఇంత అని అందులో ఉంటుంది. కొన్నది ఎవరు, ఏ ధరకు కొన్నారు అన్నది చాలా చీటీల్లో ఉండదు.

ఇక్కడ ఒక్క ప్రశ్న వేసుకోండి. ఆ కమిషన్ ఎవరి డబ్బు? మీది. డబ్బు మీదైనప్పుడు ఆయన ఎవరి తరఫున బేరమాడాలి?

దీనికి జవాబు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. ఇంగ్లీషువాళ్ల కాలంలో చేసిన చట్టమే అయినా ఇప్పటికీ అమల్లో ఉంది. ఒకరి తరఫున బేరం చేసిపెట్టేవాడు ఏజెంటు, ఎవరి తరఫున చేస్తాడో ఆయన యజమాని. అంటే కుప్ప పక్కన చేతులు కట్టుకొని నిలబడ్డ మీరు యజమాని, గద్దె మీద కూర్చున్నాయన మీ పని చేసిపెట్టే మనిషి. వినడానికి నవ్వొస్తుంది గాని చట్టం ప్రకారం సంగతి ఇదే.

ఏజెంటు మీరు చెప్పినట్టు అమ్మాలి. మీరేమీ చెప్పకపోతే ఆ ఊళ్లో ఆ వ్యాపారం ఎట్లా నడుస్తుందో అట్లా అమ్మాలి. మీరు అడిగితే లెక్క చూపాలి, ఇది 213వ సెక్షను. మీ మాలు మీద వసూలైన పైకంలో తనకు న్యాయంగా రావాల్సింది పట్టుకొని మిగతాది మీకు ఇవ్వాలి. 215, 216 సెక్షన్లు ఇంకా ముఖ్యమైనవి. మీకు చెప్పకుండా ఏజెంటు మీ మాలును తానే కొనుక్కుంటే ఏమవుతుందో అవి చెబుతాయి. ఉదాహరణకు మీ యాభై బస్తాల ఉల్లి, అంటే 25 క్వింటాళ్లు, 1,200 రూపాయల లెక్కన పోయిందని మీకు చెప్పాడు. నిజానికి ఎవరో కొన్నట్టు చూపి తానే ఉంచుకున్నాడు. మధ్యాహ్నానికి 1,500 లెక్కన ఇంకొకరికి అమ్మాడు. ఆ తేడా 7,500 రూపాయలు అడిగే హక్కు మీకుంది. అసలు సంగతి దాచిపెట్టి మీకు నష్టం చేశాడని తేలితే ఆ అమ్మకాన్నే ఒప్పుకోనని చెప్పవచ్చు. ఒకే మనిషి రెండు వైపులా కూర్చోగూడదని మన పెద్దమనుషుల పంచాయితీల్లో కూడా అనేవారు.

హక్కు ఉంది సరే, రుజువు ఏది? నోటిమాట బేరం కూడా చెల్లుతుంది, చట్టం దాన్ని కాదనదు. అయితే తగాదా వచ్చిన రోజున మీ మాటకు సాక్ష్యం కావాలి. గంజిలో తక్‌పట్టీ అని ఇస్తారే, అది మీకు పట్టాదారు పాసుబుక్కు లాంటిది. అందులో మీ పేరు, కొన్నవారి పేరు, తూకం, ధర, కోతలు విడివిడిగా రాయించుకోండి. మార్కెట్ ఫీజు అని కోత పెడితే అక్కడే ఆపి అడగండి. 1966 నాటి మార్కెట్ల చట్టం ప్రకారం ఆ ఫీజు కట్టాల్సింది కొన్నవాడు. యార్డులో పనిచేసే ఏజెంటుకు మార్కెట్ కమిటీ లైసెన్సు ఉంటుంది. లెక్క చెప్పకపోతే తక్‌పట్టీ పట్టుకొని కార్యదర్శి దగ్గరికి పోవచ్చు. లైసెన్సు పోతుందన్న భయం కోర్టు నోటీసు కంటే తొందరగా పనిచేస్తుందని నా అనుభవం.

ఈ కట్టుబాట్లు నిన్న మొన్నటివి కావు. 1886లో కారంజా పత్తి మార్కెట్‌ను హైదరాబాద్ రెసిడెన్సీ ఉత్తర్వు కిందనే కట్టుబాటులోకి తెచ్చారు. దేశంలో అదే మొదటిదని చెబుతారు. ఆ ఊరు ఉన్న బేరారు అప్పట్లో ఇక్కడి రెసిడెంటు అజమాయిషీలో ఉండేది. 1897లో బేరారుకు పత్తి, ధాన్యం మార్కెట్ల చట్టం వచ్చింది. నిజాం రాష్ట్రంలో 1339 ఫస్లీలో, అంటే 1930లో, వ్యవసాయ మార్కెట్ల చట్టం చేశారు. అంతకుముందు రుమాలు కింద వేళ్లు పట్టుకొని బేరం నడిచేది. కొనేవాడి వేళ్లు, ఏజెంటు వేళ్లు ఏం మాట్లాడుకున్నాయో మాలు తెచ్చిన రైతుకు తెలిసేది కాదు. రుమాలు తీసేయించి నలుగురిలో పాట పెట్టించడానికి ఇన్ని చట్టాలు కావలసి వచ్చాయి.

పాట సంగతి 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలో ఉంది. పాట ముగిసిందని చెప్పిన క్షణాన అమ్మకం పూర్తయినట్టే. అంతకుముందు పాడినవాడు వెనక్కి తగ్గవచ్చు, తర్వాత తగ్గకూడదు. కాబట్టి కాటా దగ్గరికి వచ్చాక "మాలు తడిగా ఉంది, యాభై తగ్గించు" అన్న మాట మీద ఎవరూ మిమ్మల్ని ఒత్తిడి చేయకూడదు. అలాగే ఎలక్ట్రానిక్ కాటాకు తూనికల శాఖ ఏటా ముద్ర వేయాలి. ముద్ర ఉందా లేదా అని తొంగి చూడటానికి మొహమాటం ఎందుకు? బస్తాకు కిలో, రెండు కిలోలు తరుగు తీయడం ఆనవాయితీ అంటారు. గోనె బరువు తీస్తే సరే, గోనె కిలో కూడా తూగదు గదా!

ఇక మన సంగతి కూడా మాట్లాడుకోవాలి. మూతి దగ్గర లావు గడ్డ, అడుగున గోలీకాయంత గడ్డ పెట్టి కుట్టిన బస్తాలు నేను చాలా చూశాను. మెంతికూర కట్ట లోపల పండిపోయిన ఆకు దాచి, పైన తాజా ఆకు చుట్టి తెచ్చేవారూ ఉన్నారు. నమూనా చూపి అమ్మినప్పుడు మిగతా మాలంతా అట్లాగే ఉండాలని ఆ 1930 చట్టమే చెబుతుంది. లేకపోతే కొన్నవాడు వద్దనవచ్చు, అప్పుడు తప్పు మనది. అడుగున ఏముందోనని అనుమానం పుట్టిన మండీలో కొనేవాడు అందరి బస్తాలకూ ధర తగ్గించే పాడతాడు. నీతిగా కట్టిన రైతు కూడా ఆ నష్టం మోస్తాడు.

అడ్వాన్సుల మాటకొస్తే సంగతి చిక్కు. విత్తనాలకు, మందులకు, ఇంట్లో ఆసుపత్రి ఖర్చుకు ఏజెంటు ముందే పైకం ఇస్తాడు. దానికి బదులు పంటంతా తన దుకాణంలోనే దించమంటాడు. ఎదుటివాడి అవసరాన్ని ఆసరా చేసుకొని, పెత్తనంతో రాయించుకున్న ఒప్పందాన్ని కోర్టు రద్దు చేయవచ్చని కాంట్రాక్టు చట్టంలో ఉంది. అప్పు వేరు, అమ్మకం వేరు. అప్పు తీర్చాల్సిందే, అయితే అప్పు ఉన్నందుకు ధర తగ్గించి ఒప్పుకోవాలని ఎక్కడా లేదు. ఇంత చెప్పి ఒక మాట ఒప్పుకోవాలి. పాసుబుక్కు లేని కౌలుదారుకు రాత్రి పదింటికి పదివేలు ఇచ్చేది బ్యాంకు కాదు, ఈ ఏజెంటే. అందుకే ఆయన్ని దొంగ అని తిట్టి ఊరుకునే వ్యాసాలు నాకు నచ్చవు. ఆకుకూర కొద్దిగా పండించి, కట్టల లెక్కన కూర్చొని అమ్ముకునే ఓపిక ఉన్నవారికి ఫలక్‌నుమా రైతుబజారు లాంటివి ఉన్నాయి. 1999లో మొదలైన ఈ పద్ధతిలో మధ్యన కమిషన్ లేదు. ఇరవై బస్తాల ఉల్లి అక్కడ కూర్చొని అమ్మలేం.

పైకం ఎప్పుడు ఇవ్వాలి? వేరే ఒప్పందం లేకపోతే ఒక చేత్తో సరుకు, ఇంకో చేత్తో డబ్బు అన్నదే చట్టం. చెక్కు తీసుకుంటే మాత్రం తారీకులు మరవకండి. చెక్కు మూడు నెలలే పనికొస్తుంది. చెల్లలేదని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే, ఆ తర్వాత నెలలోగా కోర్టులో ఫిర్యాదు వేయాలి.

ఈ తారీకులు నేను పుస్తకంలో నేర్చుకోలేదు. పదేళ్ల కిందట మా నాన్న ఉల్లి అమ్మితే 38,000 రూపాయలకు చెక్కు ఇచ్చారు. ఏ మార్కెట్టు, ఏ దుకాణం అన్నది ఇప్పుడు వద్దు. బ్యాంకు నుంచి చెక్కు తిరిగొచ్చింది. "పండగ పోనీ, మళ్లీ వేసుకో" అన్నాడాయన. పండగ పోయింది, తర్వాత ఆయనింట్లో పెళ్లన్నాడు. నాలుగు నెలలకు వకీలు దగ్గరికి పోతే నోటీసు గడువు దాటింది, చెక్కు గడువూ దాటిందన్నాడు. మూడేళ్లలోపు సివిల్ దావా వేయవచ్చన్నాడు గాని, ఖర్చు లెక్క వేసి మా నాన్నే వద్దన్నాడు. బ్యాంకువాళ్లు ఇచ్చిన ఆ చీటీ ఇప్పటికీ మా ఇంట్లో పాసుబుక్కుల మధ్యన ఉంది. మరుసటి ఏడు కూడా మా ఉల్లి ఆ దుకాణంలోనే దించాం. అడ్వాన్సు అక్కడే తీసుకొని ఉన్నాం మరి.