పచ్చిక బయలు పక్షాన ఒక వకాల్తా

తెలుగు పండితుడికి ఇంగ్లీషు పాటల గొడవ ఎందుకని అడుగబోయే మిత్రులకు ముందుగా ఒక మనవి. ముప్ఫై ఏళ్ళకు పైగా బడిపిల్లలకు వ్యాజస్తుతి లక్షణం చెప్పి బ్రతికినవాణ్ణి. ఉదాహరణ ఏ భాషలో దొరికినా ఏరి మూటగట్టుకొనే అలవాటు ఉద్యోగ విరమణతో పోలేదు. అటువంటి ఉదాహరణ ఒకటి నలభై నిమిషాల లోపు నిడివిలో, పదిహేను పాటల్లో దొరికింది. దాని పేరు ‘ది కింక్స్ ఆర్ ది విలేజ్ గ్రీన్ ప్రిజర్వేషన్ సొసైటీ’. విలేజ్ గ్రీన్ అంటే ఇంగ్లండు పల్లెల్లో ఊరి నడుమ అందరికీ ఉమ్మడిగా ఉండే పచ్చిక బయలు. దానిని కాపాడే సంఘం తామేనని ఆ బృందం చెప్పుకొన్నదన్నమాట.

ఈ రికార్డు బ్రిటనులో 1968 నవంబరు 22న వెలువడింది. అదే రోజున బీటిల్స్ వారి తెల్ల అట్ట జంట రికార్డు కూడా వచ్చింది. ఏనుగు నడిచిన బాటలో చీమ జాడ ఎవరికి కనబడుతుంది? 1964లో ‘యూ రియల్లీ గాట్ మీ’తో బ్రిటనులో మొదటి స్థానం పొందిన బృందమే అయినా, ఈ రికార్డు బ్రిటనులో గాని అమెరికాలో గాని అమ్మకాల పట్టికకు ఎక్కలేదు. 1965 నుండి 1969 దాకా అమెరికాలో కచేరీలు చేసే అవకాశం వారికి లేకపోవడం మరొక దెబ్బ. బ్రిటనులో లక్ష ప్రతులకు ఇచ్చే బంగారు గుర్తింపు ఈ రికార్డును చేరేసరికి 2018 వచ్చింది. అప్పటికి సరిగ్గా యాభై ఏళ్ళు!

ఇప్పుడు దీనిని మెచ్చుకొనేవారికి కొదవ లేదు. మరి నా తగవు ఎవరితో? ఆ మెచ్చుకొనేవారితోనే. తిట్టినవారు దీనిని వినకుండా వదిలేశారు, అంతే. మెచ్చినవారు మాత్రం “ఆహా, ఎంత తీయని గతస్మృతి! పాత పల్లె, పాత రోజులు!” అని తల నిమిరి బల్లమీద బొమ్మలా కూర్చోబెట్టారు. నిందకంటె ఈ నిమరడమే పెద్ద అపచారమని నా వాదం.

మొదటి సాక్ష్యం శీర్షిక గీతమే. కాపాడవలసిన వస్తువుల జాబితా చదువుతూ పోతుంది ఆ సంఘం. స్ట్రాబెర్రీ జాము, పింగాణీ కప్పులు, పాతకాలపు ఇళ్ళు, బల్లలు, కన్యాత్వం, వాటి నడుమ డోనాల్డ్ డక్! ఇంగ్లండు పల్లె పరిరక్షణకు, అమెరికా సినిమా బాతుకు ఏమిటి సంబంధం? ఇక్కడ నవ్వు రాకపోతే చెవిలో లోపమున్నట్టే. స్తుతి ముసుగులో నింద, ఆ నింద అడుగున మళ్ళీ నిజమైన మమకారం. వాచ్యార్థం దగ్గరే ఆగిపోయినవారికి ఇది జాముసీసా మాత్రమే.

రెండవ సాక్ష్యం గాయకుడి పుట్టుక. పాటలు కట్టిన రే డేవిస్ పల్లెటూరివాడు కాడు. ఉత్తర లండనులో పుట్టి పెరిగినవాడు, అప్పటికి ఇరవై నాలుగేళ్ళవాడు. అతడు పోగొట్టుకొన్న పల్లె ఏదీ లేదు. లేని ఊరిని కల్పించి, దానికోసం ఏడ్చి, ఆ ఏడుపును చూసి తానే నవ్వుకొన్నాడు. 1966 నవంబరులోనే రికార్డు చేసిన ‘విలేజ్ గ్రీన్’ పాట వినండి. కీర్తికోసం ఊరు విడిచి పోయినవాడు ఊరిని తలచుకొంటాడు. అక్కడ ఇప్పుడు అమెరికా యాత్రికులు ఇళ్ళకు ఫొటోలు తీసుకొంటున్నారు. వలచిన పిల్ల కిరాణాకొట్టు కుర్రవాణ్ణి పెళ్ళాడింది. ఇది పల్లెను పొగడడమా, పల్లెను అమ్ముకోవడాన్ని పట్టి చూపడమా?

వాద్యాలు కూడా ఇదే సాక్ష్యం చెబుతాయి. మెలోట్రాన్ అనే యంత్రాన్ని ఇందులో విరివిగా వాడారు. టేపుల మీద ముందే పట్టి ఉంచిన ధ్వనులను మీటలు నొక్కి పలికించే యంత్రమది. కల్పిత గ్రామానికి కృత్రిమ వేణువు. రికార్డింగు పలుచగా ఉన్నదనేవారి మాట కాదనను. కాని ఆ పలుచదనం పాత ఫొటో వెలిసినట్టు ఇక్కడ ఒప్పింది.

“1968లోనా ఈ జాము, టీ కప్పులు?” అని గద్దించేవారు మరికొందరు. మే నెలలో పారిస్ వీధులు మండాయి. ఆగస్టులో ప్రాగ్‌లోకి టాంకులు దిగాయి. మనకు దిగంబర కవుల మూడవ సంపుటి వచ్చిన ఏడూ అదే. నిజమే. అయితే అదే ఆగస్టులో బ్రిటిషు రైల్వే ప్రధాన మార్గాలపై ఆవిరి బండ్ల రాకపోకలు ముగిశాయన్నది కూడా చరిత్రే కదా? ఈ రికార్డులోని ‘లాస్ట్ ఆఫ్ ది స్టీమ్ పవర్డ్ ట్రెయిన్స్’లో ప్రదర్శనశాలకు చేరిన ఇంజను తన కథ చెప్పుకొంటుంది. దాని నడక నల్లజాతి గాయకుడు హౌలిన్ వుల్ఫ్ పాట నుండి తెచ్చుకొన్నది. బ్లూస్ అనుకరించి బ్రతికిన తమ తరమే మ్యూజియం వస్తువైపోతున్నదని ఆ యువకులు ముందే పసిగట్టారు. నినాదం ఇవ్వని పాటకు కాలస్పృహ లేదనడం విమర్శ కాదు, సోమరితనం.

ఇక అలంకారశాస్త్రం మాట. స్మృతి ముప్ఫైమూడు సంచారి భావాలలో ఒకటి. వస్తుంది, పోతుంది. దానిమీద రసం నిలబడదు. ఈ పాటల్లో నిలిచి ఉన్నది శోకం. ‘డు యూ రిమెంబర్ వాల్టర్’లో పాత చెలికాణ్ణి తలచుకొన్నవాడికి, ఇప్పుడు కలిసినా ఆ కబుర్లు వాడికి విసుగే పుట్టిస్తాయని తెలిసిపోతుంది. చిట్టచివరి పాటలో మనుషులు తాము ఉన్నామని నిరూపించుకోవడానికి ఒకరినొకరు ఫొటోలు తీసుకొంటారు. గాయకుడు ఇక ఆ బొమ్మలు చూపవద్దని వేడుకొంటాడు. గతాన్ని అమ్మజూపేవాడు ఇలా ముగిస్తాడా? హాస్యమూ కరుణా విరోధి రసాలని లాక్షణికులు అన్నారు. ఆ రెండింటినీ ఒకే ఒరలో ఇమిడ్చిన గురజాడను ‘నవ్వుల నాటకకర్త’ అని ఊరుకొంటే మనం ఒప్పుకొంటామా? మరి ఇతడికి మాత్రం ఆ న్యాయం ఎందుకు వర్తించదు?

ఇది మనకూ తగిలే తగవే. పల్లె మీద నాలుగు ముక్కలు రాయగానే “మా ఊరు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి” అని ఒకరు, “అభివృద్ధి నిరోధకం” అని మరొకరు ముద్ర వేసి కలం మూస్తున్నాం. ఆ రెండు ముద్రల నడుమ కవి చెప్పిన మాట నలిగిపోతున్నది.

మిత్రులారా, ఈ పదిహేను పాటలను వరుస మార్చకుండా ఒకసారి వినండి. డోనాల్డ్ డక్ దగ్గర నవ్వండి, ఫొటోల పాట దగ్గర ఆ నవ్వు ఏమయిందో చూచుకోండి. అటుపైన కూడా ఇది తీయని జామేనంటారా, వాదానికి నేను సిద్ధం.