శునక వాహ్యాళి ఒక వృత్తియేనా?

వృత్తులలో ఉచ్చనీచాలు లేవని వ్యాసరచన పోటీలలో వ్రాసి బహుమతులు పుచ్చుకొన్నవారమే మనమందరం. అయితే పట్టణంలో ఒక యువకుడు పరుల ఇంటి కుక్కను గొలుసు పట్టి వీధిలో నడిపించి, ఆ నడకకు నెలజీతం తీసుకొంటున్నాడని విన్నప్పుడు మన పెదవులపై మెదిలే చిరునవ్వు ఆ వ్యాసాలన్నింటినీ కొట్టివేస్తుంది. ఆ చిరునవ్వును గురించియే నాలుగు మాటలు వ్రాయదలచినాను. కరోనా మహమ్మారి కాలంలో ఆ పని చేసినవారి అనుభవాన్ని చూచిన తరువాత, అది నవ్వి విడిచిపెట్టదగిన విషయం కాదని నా అభిప్రాయం.

మా కపిలేశ్వరపురం గౌతమీ తీరాన ఉన్న గ్రామం. అక్కడ కుక్కను ఎవరూ త్రిప్పరు. అదే ఊరంతా తిరిగి వస్తుంది. ఏటిగట్టు మీద పడుకొంటుంది, కొబ్బరితోటలో ఉడుతలను తరుముతుంది, అన్నం వేళకు ఏ పెరటి గుమ్మం ముందు నిలువవలెనో దానికి తెలుసు. కుక్కను నడిపించేందుకు జీతమిచ్చి మనిషిని పెట్టుకోవడమంటే మా పెద్దల దృష్టిలో గోదావరికి నీళ్లు మోయడం వంటిది. పట్టణ జీవనం వేరు. ఐదవ అంతస్తులో, రెండు గదుల ఇంటిలో పెరిగే కుక్క దినానికి రెండుసార్లయినా నేల మీదికి దిగకపోతే దాని కాలకృత్యాలకే దారి లేదు. ఇంటివారిద్దరూ ఉద్యోగస్థులు. ఆ విధంగా హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరాలలో ఈ పని పుట్టినది.

మా ఊరి యువకుడొకడు డిగ్రీ చదువు మధ్యలో ఆపివేసి హైదరాబాదు చేరినాడు. పగలు ఒక దుకాణంలో పని. తెల్లవారుజామున, మరల రాత్రి, మూడిళ్ల కుక్కలను వాహ్యాళికి తీసుకొనిపోవడం. దుకాణం జీతం ఇంటికి పంపేవాడు, కుక్కల జీతంతో గది అద్దె కట్టేవాడు. ఊరిలో మాత్రం ఈ రెండవ పని సంగతి చెప్పుకోలేదు. ఎందుకు చెప్పుకోలేదో వేరుగా వివరించనక్కరలేదు.

2020 మార్చి 25 నుండి మే 31 వరకు, అరువదియెనిమిది దినాలు, దేశమంతటా లాక్‌డౌన్ నడిచినది. అతడు పనిచేసే అపార్ట్‌మెంట్ సంఘం పనివారెవరినీ గేటు లోపలికి రానీయరాదని తీర్మానించినది. పాలు లోపలికి వచ్చినవి, కూరగాయలు వచ్చినవి, మనిషి మాత్రం రాకూడదు. ఆ వ్యాధి స్వభావం ఎవరికీ సరిగా తెలియని రోజులు కనుక ఆ భయాన్ని నేను తప్పుపట్టను. నా అభ్యంతరమంతా జీతం విషయంలోనే. మూడిళ్లలో ఒక ఇంటివారు పని లేకపోయినా రెండు నెలల జీతం పూర్తిగా పంపినారు. రెండవవారు సగమిచ్చినారు. మూడవవారు ఫోను తీయలేదు. ఈ మూడూ ఆయా గృహస్థుల దయను బట్టి జరిగినవే గాని, అతనికి ఇంత రావలెనని చెప్పే కాగితం ముక్క ఒక్కటీ లేదు.

జూన్‌లో కథ తలక్రిందులైనది. ఫోను తీయని ఆ ఇంటిలోనే ఇద్దరికీ వ్యాధి సోకినది. గడప దాటకుండ పదిహేడు దినాలు ఉండవలెనన్నారు. కుక్కకు ఈ నిబంధనలు తెలియవు గదా! అప్పుడు వారే ఫోను చేసి పిలిచినారు. ప్రమాదం అతని నుండి తమకు రాగలదనుకొన్నప్పుడు గేటు మూసినవారు, తమ నుండి అతనికి పోగలిగినప్పుడు అదే గేటు తెరిపించినారు. అతడు వెళ్లినాడు. “కుక్కేం పాపం చేసిందండీ?” అన్నాడు నాతో. ఆ మంచితనాన్ని మెచ్చుకొంటాను. ఆ మంచితనమొక్కటే ఆధారంగా నడిచే ఏర్పాటును మాత్రం మెచ్చుకోలేను.

కుక్క వలన వ్యాధి వస్తుందన్న భయం ఆనాడు చాలమందికి ఉండెను. 2020 ఫిబ్రవరి చివర హాంగ్‌కాంగ్‌లో రోగి ఇంటిలోని పదిహేడేళ్ల పొమరేనియన్ కుక్కకు పరీక్షలో స్వల్పంగా వైరస్ కనబడగా ఆ వార్త ప్రపంచమంతా ప్రాకినది. ఆ తరువాత కొద్ది వారాలకే చైనాలోని హార్బిన్ నగర పరిశోధకులు, పిల్లులు ఈ వైరస్‌కు సులభంగా లోనవుతాయనీ, కుక్కలు అంతగా కావనీ ప్రయోగపూర్వకంగా చూపినారు. అనగా కుక్కను త్రిప్పేవానికి అసలు ప్రమాదం కుక్క వద్ద లేదు. లిఫ్టులో, గుమ్మం వద్ద గొలుసు చేతులు మారే క్షణంలో, మాస్కు లేకుండ యజమాని ముచ్చటించే రెండు నిమిషాలలో ఉన్నది. కుక్క ఒంటికి శానిటైజరు పూసినవారు కూడ ఉన్నారు. అది కుక్కకు హాని అని పశువైద్యులు చెప్పవలసి వచ్చినది.

స్పెయిన్ దేశంలో 2020 మార్చి 14న అత్యవసర స్థితి ప్రకటించినప్పుడు కుక్కను బయటికి తీసుకొనిపోవడానికి అనుమతి ఇచ్చినారు. చిన్నపిల్లలకు మాత్రం ఏప్రిల్ 26 దాక వీధి మొగమే లేదు. పలెన్సియా నగరంలో ఒకడు బొమ్మకుక్కను ఈడ్చుకొంటూ షికారు వెళ్లి పోలీసులకు చిక్కినాడు కూడ. నవ్వు వచ్చే సంగతియే. కాని ఆ ప్రభుత్వం ఒక విషయం ఒప్పుకొన్నది: కుక్క నడక విలాసం కాదు, ఆపరాని నిత్యావసరం. నడక నిత్యావసరమైనప్పుడు నడిపించేవాని పని ఏమవుతుందో పాఠకులే ఆలోచింతురు గాక.

వలసకూలీలు వందల మైళ్లు కాలినడకన పోయిన ఆ రోజులలో కుక్కల షికారును గురించి మాట్లాడటం అన్యాయం కాదా అని ఒక మిత్రుడు నన్ను అడిగినాడు. కుక్కను గురించి కాదు, కూలిని గురించియే నేను మాట్లాడుతున్నాను. పైగా కుక్కకు సేవకుని పెట్టుకోగల స్తోమత ఉన్న ఇంటికి రెండు నెలల జీతం ఇవ్వలేని పేదరికం ఉండదు. మా ఊరిలో హరికథా పాఠశాల ఉన్నది. మహమ్మారి కాలంలో సభలు లేక కథకులు కష్టపడినారంటే అందరమూ అయ్యో అన్నాము, అనవలసినదే. కోనసీమ నుండి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన ఆడపడుచులు ఎందరో ఉన్నారు. 2020 మే 10 నుండి 30 వరకు అక్కడ పూర్తి కర్ఫ్యూ అయినప్పుడు వారిని తలచుకొని ఊళ్లు తల్లడిల్లినవి. దినారులలో వచ్చే ఇంటిపనికి గౌరవమూ, రూపాయలలో వచ్చే కుక్క పనికి చిరునవ్వూనా?

2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 189వ ఒడంబడిక ప్రకారం ఒక గృహంలో గాని, ఒక గృహం కొరకు గాని చేసే పని అంతా ఇంటిపనియే. ఈ నిర్వచనంలో కుక్కను త్రిప్పడం నిస్సందేహంగా ఇముడుతుంది. భారతదేశం దానికి ఆమోదముద్ర వేయలేదు. 2021 ఆగస్టు 26న అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసేందుకు ఇ-శ్రమ్ వచ్చినది. మా యువకుడు అందులో దుకాణం పనియే వ్రాయించుకొన్నాడు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, ఇంటిపనివారికి ప్రత్యేక చట్టం విషయం పరిశీలించుటకు ఒక సంఘాన్ని వేయవలసినదిగా కేంద్రాన్ని ఆదేశించినది. చట్టాలు తమ వేగాన తాము వస్తాయి.

అంతవరకు కళాశాల సంఘం పెద్దలకు నాదొక విన్నపం. మన విద్యార్థులలో సాయంకాలపు పనులు చేసుకొని చదివేవారున్నారు. రేపు నగరాలకు పోయేవారు ఇంకా ఎక్కువ. ఉర్దూలోను తెలుగులోను ఒకే ఒక పుట ఒప్పందపత్రం అచ్చు వేయించి జాతీయ సేవా పథకం గదిలో ఉంచండి. జీతమెంత, ఏ తేదీకి. యజమానియే రావద్దన్న రోజులకు ఎంత. ఇంటిలో అంటువ్యాధి ఉంటే ముందుగా చెప్పే బాధ్యత ఎవరిది. కుక్క కరిస్తే రేబిస్ టీకాలకు ఆసుపత్రికి తిరిగే రోజుల కూలి ఎవరిది – ఇవి ఉంటే చాలును. అచ్చుకయ్యే ఖర్చు ఈ సంచికలో రెండు పుటల ఖర్చుకంటె మించదు.