స్టిక్ డ్రిఫ్ట్ అయితే కంట్రోలర్ మార్చేయాలా? ముందు గేమ్ సెట్టింగ్స్ చూడండి

స్టిక్ వదిలేసినా గేమ్‌లో క్యారెక్టర్ తనంతట తానే నడుస్తుంటే మనం వెంటనే అనే మాట 'కంట్రోలర్ పోయింది'. ఆ తర్వాత కొత్తదానికి వేట మొదలు. కానీ ప్రతిసారీ తప్పు కంట్రోలర్‌దే కాదు. గేమ్ రాసినవాళ్లనీ అడగాలని నేనంటాను.

ఎందుకో చూద్దాం. స్టిక్ కదిలినప్పుడల్లా ఇన్‌పుట్ లైబ్రరీ గేమ్‌కి ఒక ఈవెంట్ పంపుతుంది. ఎస్‌డీఎల్‌ లైబ్రరీలో ఒక్కో యాక్సిస్ విలువ -32768 నుంచి 32767 వరకు ఉంటుంది. పైగేమ్‌లో అదే -1 నుంచి 1 వరకు. వదిలేసిన స్టిక్ సరిగ్గా సున్నా దగ్గరే ఆగాలని రూలేం లేదు, కొత్త కంట్రోలర్‌లో కూడా కాస్త అటూ ఇటూ ఉంటుంది. మధ్యలో ఎంత కదలికని పట్టించుకోకూడదో గేమ్ తేల్చుకోవాలి. దాన్నే డెడ్‌జోన్ అంటారు.

మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఇన్‌పుట్ ఎడమ స్టిక్‌కి 7849, కుడి స్టిక్‌కి 8689 అని ఇచ్చింది. అంటే పూర్తి కదలికలో దాదాపు పావు వంతు! అరిగిన స్టిక్‌కి అది వరమే. మంచి స్టిక్‌తో సన్నగా గురి చూసేవాళ్లకి మాత్రం శిక్ష. అందుకే ఒకే అంకె అందరికీ సరిపోదు, సెట్టింగ్స్‌లో స్లైడర్ ఉండి తీరాలి.

ఇంకో చిక్కుంది. అడ్డం, నిలువు విలువల్ని విడివిడిగా కత్తిరిస్తే, కొద్దిగా ఏటవాలుగా తోసినా క్యారెక్టర్ తిన్నగానే పోతుంది. కత్తిరించాక మిగిలిన పరిధిని మళ్లీ సున్నా నుంచి లెక్కకట్టకపోతే, కదలిక ఒక్కసారిగా పావు వేగంతో మొదలవుతుంది. రెండు విలువలూ కలిపి మధ్య నుంచి దూరం చూడటం, తర్వాత స్కేల్ చేయడం పెద్ద పనేం కాదు. నాలుగైదు లైన్ల కోడ్ అంతే.

హాల్ ఎఫెక్ట్ స్టిక్స్ కొంటే సరిపోదా అంటారేమో. వాటిలో రాపిడి ఉండదు కాబట్టి అరుగుదల తక్కువే. అయినా అవి కూడా కచ్చితంగా సున్నా దగ్గరే నిలుస్తాయన్న గ్యారంటీ లేదు. నిజంగా అరిగిపోయిన స్టిక్‌ని ఏ స్లైడరూ బతికించదు, అదీ ఒప్పుకోవాల్సిందే.

కాబట్టి కొత్తది ఆర్డర్ పెట్టేముందు ఇంకో గేమ్‌లో ప్రయత్నించండి. స్టీమ్‌లో ఆడేవాళ్లయితే అక్కడే డెడ్‌జోన్ మార్చుకోవచ్చు. ఇక మా రివ్యూల సంగతి: 'కంట్రోలర్ సపోర్ట్ ఉంది' అని ఒక్క ముక్క రాసేస్తే చాలదు. డెడ్‌జోన్ స్లైడర్ ఉందో లేదో కూడా చెప్పాలి. లేకపోతే మార్కులు కోయాలి.