పాత చీరలు, కొత్త బొంత



చలికాలం రాకముందే ఇంట్లో ఒక బొంత కుట్టుకొనండి. మెత్తబడిన నూలు చీరలే మంచివి. పాలిస్టరు చీర జారిపోతుంది, చెమట పీల్చదు. ఉతికి ఎండలో ఆరవేసి, నాలుగు పొరలుగా నేలమీద పరచి, మూలలకు బరువులు పెట్టండి. ముందు పొడవాటి కచ్చా కుట్లు వేసి, తర్వాత అంచునుండి లోపలికి వరుసగా కుట్టుకొంటూ రండి. కావలసినవి పొడవైన సూది, గట్టి నూలు దారము, కత్తెర. వ్రేలికి అంగుస్తానా మరువకండి.

మా సంఘములో ఒక తల్లి భర్తను కోల్పోయి మందిరానికి రావడం మానివేసింది. మేము ఎన్నోసార్లు వెళ్లి ప్రార్థించాము. ఆమె పలుకలేదు. ఒకనాడు మా యింటి చిరిగిన బొంత తీసుకొనివెళ్లి, "అమ్మా, ఇది బాగుచేయగలరా?" అని అడిగాము. ఆమె త్రిప్పి చూచి, "కుట్లు ఇంత దూరం దూరంగా వేస్తే నిలుస్తాయా అయ్యగారూ?" అన్నది. నెలల తరువాత మాతో పలికిన మొదటి మాట అది! ఇప్పుడు ఆమె యింట నలుగురు స్త్రీలు కుట్టు నేర్చుకొంటున్నారు.

యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు చూపినది ఆమె కుట్టిన వస్త్రములనే (అపొ. కార్యములు 9:39). దుఃఖములో ఉన్నవారికి ప్రార్థనతోపాటు చేతికి పని కూడ కావాలని మేము ఆలస్యముగా నేర్చుకొన్నాము. మీ వీధిలో అట్టివారుంటే, ఒక పాత చీర పట్టుకొని వెళ్లండి.

ప్రభువు మీ చేతిపనిని ఆశీర్వదించును గాక!