దళారుల వల

వేరుసెనగ చేలెండిన యేటనే కంబదూరు వంటి గ్రామములలో విదేశపు కొలువుల దళారి కానవచ్చును. కరవే వాని మూలధనము. ఒకప్పుడు మేస్త్రీ ముందుగా బయానా యిచ్చి తెలుగు కూలీలను రంగూనునకు తరలించి, యా బాకీతో కట్టివేసెడివాడు. నేటి దళారి చిల్లిగవ్వ యీయడు. మనచేతనే యప్పు చేయించి పుచ్చుకొనును. వానికంటె వీడు నేర్పరి!

2024వ సంవత్సరమున విశాఖపట్టణమున బయల్పడిన వృత్తాంతము చూడుడు. సింగపూరులో డేటా ఎంట్రీ కొలువని నమ్మించి మన యువకులను కాంబోడియాకు చేర్చి, నిర్బంధించి, తోడి భారతీయులనే మోసగించు పనికి నియోగించిరి. మోసపోయినవాడే మోసమునకు పనిముట్టయ్యెను. చదువురానివారే చిక్కుదురను వాదమునకు ఇంతకంటె చెంపపెట్టు వేరేల?

1983 నాటి వలస చట్టము క్రింద నమోదు కానివాడు విదేశపు కొలువులకు మనుష్యులను పంపరాదు. నమోదైనవాడును సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై పన్ను మించి తీసికొనరాదు. మరి లక్షన్నర యడుగువాడు రసీదు నేల యిచ్చును? పదవ తరగతి దాటనివారు గల్ఫు కొలువునకు పోవలెనన్న ప్రభుత్వానుమతి వలయును. దానితోడనే ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద 10 లక్షల బీమాయు వచ్చును. సందర్శకుల వీసాపై పొమ్మనువాడు ఈ రెంటిని తప్పించుటకే యట్లనుచున్నాడు.

నమోదైన వారి పట్టిక ఈ-మైగ్రేట్ పోర్టలులో నున్నది. రచ్చబండ కడ మేమెచ్చటను గాంచలేదు. తెలుగున ముద్రించి ప్రతి పంచాయతీ కచేరి గోడకు నంటించుట కెంత వ్యయము? కలెక్టరుగారు ఉత్తర్వు చేయుదురా, లేక పఠన మందిరముల వారే బంకగిన్నె చేత బట్టవలెనా?